ఒక్క లిస్టు చేతిలో అందరి తాళాలు: డైరెక్టరీ సర్వీసుల లాభాలు, నష్టాలు

అరకులోయ నుంచి మాట్లాడుతున్నాను. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక మాట: నేను అరకు, డుంబ్రిగూడ, అనంతగిరి వైపు స్కూళ్లలో, చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు, వైఫై చూసుకునే పని చేస్తాను. ఈ ఎపిసోడ్‌లో మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక విషయం చెప్తాను. పేరు వినలేదు గానీ రోజుకి కొన్ని వందలసార్లు వాడుతున్నారు. దాని పేరు డైరెక్టరీ సర్వీస్.

ముందు ఒక ప్రశ్న. మీ ఫ్రెండ్స్ ఫోన్ నంబర్లు మీకు ఎన్ని నోటికి వచ్చు? అమ్మది, నాన్నది, మహా అయితే ఇంకొకటి. మిగతావన్నీ పేరు నొక్కితే ఫోనే చూసుకుంటుంది. పేరు ఇస్తే దాని వెనకున్న వివరం తీసి ఇచ్చేదాన్నే డైరెక్టరీ అంటాం. అది మీ ఒక్కరి ఫోన్‌లో ఉంటే కాంటాక్ట్స్. అదే లిస్టుని నెట్‌వర్క్ మీద పెట్టి, వందల మంది, వేల మిషన్లు ఎప్పుడంటే అప్పుడు అడిగేలా చేస్తే అది డైరెక్టరీ సర్వీస్.

ఈ సర్వీస్ మూడు ప్రశ్నలకి జవాబు చెప్తుంది. నువ్వు ఎవరు? నువ్వు అడిగింది ఎక్కడుంది? దాన్ని ముట్టుకునే హక్కు నీకు ఉందా లేదా? అంతే. ఈ మూడు ప్రశ్నలూ గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

అసలిది ఎందుకు కావాలో ఒక లెక్కతో చూద్దాం. ఒక కాలేజీ ల్యాబ్‌లో 30 కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. 300 మంది స్టూడెంట్స్. ఎవరు ఏ సిస్టమ్ ముందు కూర్చుంటారో చెప్పలేం. డైరెక్టరీ లేకపోతే ప్రతి కంప్యూటర్‌లోనూ 300 అకౌంట్లు చెయ్యాలి. మొత్తం 9,000. ఒక అమ్మాయి పాస్‌వర్డ్ మర్చిపోతే 30 చోట్ల మార్చాలి. ఒకతను టీసీ తీసుకుని వెళ్లిపోతే 30 చోట్ల తీసెయ్యాలి, ఒక్కచోట మర్చిపోయినా అతని అకౌంట్ అక్కడ బతికే ఉంటుంది. ఇదంతా ఎవరు చేస్తారు? ఎవరూ చెయ్యరు. అందుకే చాలా ల్యాబుల్లో అందరికీ ఒకటే అకౌంట్, ఒకటే పాస్‌వర్డ్, అది కూడా మానిటర్ మీద కాగితం అంటించి ఉంటుంది. మీరు చూసే ఉంటారు.

డైరెక్టరీ ఉంటే 300 పేర్లు ఒకేచోట. ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా అది వెళ్లి ఆ లిస్టుని అడుగుతుంది. మార్పు ఒక్కచోట చేస్తే అన్నిచోట్లా మారినట్టే. ఇదే పెద్ద లాభం. పెద్ద నష్టం కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. అందరి తాళాలూ ఒకే గుత్తిలో ఉన్నాయి. ఆ గుత్తి పోయినా, దొంగ చేతికి చిక్కినా, గుత్తి ఉన్న గదికి దారి తెగినా, అందరూ బయటే నిలబడాలి. దారి తెగడం అంటే ఏంటో మన కొండల్లో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

సరే, ఈ లిస్టుని ఎలా అమరుస్తారు? పొడుగ్గా ఒక వరసలో రాసుకుంటూ పోరు. చెట్టులా కడతారు. మన అడ్రస్ ఎలా రాస్తాం? పేరు, ఊరు, పంచాయతీ, మండలం, జిల్లా, రాష్ట్రం. కింద చిన్న కొమ్మ, పైకి పోయేకొద్దీ పెద్ద కొమ్మ. డైరెక్టరీలో కూడా అంతే. ఫలానా స్టూడెంట్, ఫలానా సెక్షన్, ఫలానా డిపార్ట్‌మెంట్, ఫలానా కాలేజీ. పేర్లు కలిసిపోయినా దారి వేరు కాబట్టి మనిషి వేరని తెలుస్తుంది.

మన దగ్గర ఇది చాలా అవసరం. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు ఎంతమందికి ఉంటుందో మీకు తెలుసు. పాంగి, కొర్రా, కిల్లో, వంతాల, గెమ్మెలి. ఒకే క్లాసులో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. పైగా ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒకరు కొర్రాలో ఒక అక్షరం ఎక్కువ వేస్తారు, ఇంకొకరు తక్కువ వేస్తారు. మనిషికి అది చిన్న తేడా. టీచర్ చూసి "ఓహో, వీడే కదా" అంటారు. డైరెక్టరీ అలా అనదు. అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. తేడా ఉంటే "ఇలాంటి మనిషి లేడు" అంటుంది. సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉండి స్కాలర్‌షిప్ ఆగిపోయినవాళ్లకి ఈ మాట ఎంత బరువో తెలుసు.

అందుకే మంచి డైరెక్టరీలో పేరు మీద ఆధారపడరు. ప్రతి మనిషికి మారని నంబర్ ఒకటి ఇస్తారు. దారి కూడా మారిపోవచ్చు కాబట్టి. మన అరకు సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4 దాకా మనది విశాఖపట్నం జిల్లా. ఆ రోజు నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా, హెడ్‌క్వార్టర్ పాడేరు. మన ఇల్లు కదల్లేదు, మనం కదల్లేదు, కానీ అందరి అడ్రస్ మారింది. డైరెక్టరీలో కూడా ఒక డిపార్ట్‌మెంట్‌ని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మారిస్తే కింద ఉన్న అందరి దారీ మారుతుంది. పాత దారిని రాసిపెట్టుకున్న ప్రోగ్రాములన్నీ ఆ రోజే ఆగిపోతాయి. నంబర్‌ని పట్టుకున్నవి మాత్రం నడుస్తూనే ఉంటాయి.

ఇప్పుడు ఒక్కొక్క సర్వీస్ చూద్దాం. మొదటిది మీ ఫోన్‌లో ఇప్పుడు కూడా పనిచేస్తున్నది. డీఎన్ఎస్.

ఇంటర్నెట్‌లో మిషన్లకి పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. మీరు యూట్యూబ్ అని కొడితే, ముందు ఫోన్ వెళ్లి "యూట్యూబ్ నంబర్ ఎంత?" అని అడుగుతుంది. ఆ జవాబు చెప్పేది డీఎన్ఎస్. మొదట్లో ఇది ఒకే ఒక ఫైల్. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫీన్లర్ టీమ్ ఆ ఫైల్ చూసుకునేది. కొత్త కంప్యూటర్ పెడితే వాళ్లకి చెప్పి పేరు రాయించుకోవాలి. మిగతావాళ్లు ఆ ఫైల్ కాపీ తెచ్చుకోవాలి. కంప్యూటర్లు పెరిగేసరికి అది కుదరలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ దాన్ని చెట్టులా విడగొట్టాడు. పై కొమ్మ ఒకరిది, కింది కొమ్మ ఇంకొకరిది. ఎవరి కొమ్మ వాళ్లే చూసుకుంటారు.

లాభం ఏంటి? ప్రపంచం మొత్తానికి పనికొస్తుంది, ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా లేదు. పైగా ఒకసారి అడిగిన జవాబుని మీ ఫోన్, మీ నెట్‌వర్క్ కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఒక్క గీత సిగ్నల్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి ఇది చాలా మేలు. ప్రతిసారీ అడగడానికి కొండ దిగి వెళ్లక్కర్లేదన్నమాట. ఇంకో మాట, మన తెలుగు అక్షరాల్లోనే .భారత్ అనే చివరి పేరు కూడా డీఎన్ఎస్‌లో ఉంది. ఇంగ్లిష్ అక్షరాలే రాయాలన్న రూల్ ఇప్పుడు లేదు.

నష్టం? డీఎన్ఎస్ పుట్టినప్పుడు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకని ప్రశ్నని దాచాలన్న ఆలోచనే లేదు. మీరు ఏ సైట్ అడిగారో మధ్యలో ఉన్నవాళ్లకి కనిపిస్తుంది. మధ్యలో ఎవరైనా తప్పుడు జవాబు కూడా ఇవ్వొచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒకటి ఇచ్చారు. అది మీ ప్రశ్నని కవర్‌లో పెట్టి పంపిస్తుంది. మంచిదే. కానీ మీరు ఏ కంపెనీ పేరు అక్కడ రాస్తారో ఆ కంపెనీకి మాత్రం అన్నీ తెలుస్తాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొన్ని కాలేజీ వైఫైల్లో, హోటల్ వైఫైల్లో ముందు ఒక లాగిన్ పేజీ వస్తుంది కదా, ప్రైవేట్ డీఎన్ఎస్‌లో పేరు రాసి ఉంటే ఒక్కోసారి ఆ పేజీ రాదు. అప్పుడు దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి, లాగిన్ అయ్యాక మళ్లీ పెట్టుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. డీఎన్ఎస్ పేరుకి నంబర్ చెప్తుందే గానీ ఆ పేరు పెట్టుకున్నవాడు మంచోడో కాదో చెప్పదు. చలికాలం అరకు సీజన్‌లో రూములకి ఎంత డిమాండ్ ఉంటుందో మనకి తెలుసు. అసలు పేరుకి ఒక్క అక్షరం తేడాతో ఎవడైనా సైట్ పెట్టి అడ్వాన్స్ కొట్టమంటే, డీఎన్ఎస్ దృష్టిలో అది కూడా సరైన జవాబే. స్పెల్లింగ్ చదవాల్సింది మనమే.

ఇంకా పెద్ద సంగతి చెప్తాను. 2021 అక్టోబర్ 4 గుర్తుందా? మన టైమ్‌లో రాత్రి 9 దాటాక వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. చాలామంది నెట్ బ్యాలెన్స్ అయిపోయిందేమో అనుకుని ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశారు. జరిగింది ఏంటంటే, ఆ కంపెనీ మెయింటెనెన్స్ చేస్తుండగా ఒక కమాండ్ వల్ల వాళ్ల లోపలి నెట్‌వర్క్ తెగిపోయింది. దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌కి కనపడకుండా పోయాయి. మీ ఫోటోలు, మెసేజ్‌లు ఎక్కడికీ పోలేదు. వాటికి దారి చెప్పేవాడు లేడంతే. దాదాపు 6 గంటలు పట్టింది. వాళ్ల ఇంజినీర్లు రిపేర్‌కి వాడే లోపలి టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో అవి కూడా పనిచెయ్యలేదు. తాళం చెవి బీరువాలో పెట్టి, బీరువాకే తాళం వేసినట్టు.

రెండోది ఎల్‌డ్యాప్. ఇది మనుషుల లిస్టుల కోసం. 1988లో ఎక్స్.500 అని ఒక పెద్ద పద్ధతి వచ్చింది. అన్నీ ఉన్నాయి, కానీ చాలా బరువు. అప్పటి మామూలు కంప్యూటర్లు మొయ్యలేవు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో టిమ్ హోవ్స్, ఇంకొందరు కలిసి దాన్ని తేలిక చేశారు. 1993లో ఎల్‌డ్యాప్ మొదటిసారి బయటికొచ్చింది. ఎల్‌డ్యాప్ అంటే సాఫ్ట్‌వేర్ కాదు, డైరెక్టరీతో మాట్లాడే భాష. మెయిల్, వైఫై, లైబ్రరీ సాఫ్ట్‌వేర్, అన్నిటికీ ఆ భాష వచ్చు. ఆ భాషతో పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎల్‌డ్యాప్.

లాభాలు: ఫ్రీ. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. చదవడం చాలా స్పీడు. ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడి ఉండక్కర్లేదు. నష్టాలు: పెట్టడం కష్టం. బొమ్మలు, బటన్లు పెద్దగా ఉండవు, అన్నీ రాసుకోవాలి. సెక్యూరిటీ మనమే ఆన్ చెయ్యాలి, చెయ్యకపోతే పాస్‌వర్డ్‌లు నెట్‌వర్క్‌లో తెరిచిన ఉత్తరంలా వెళ్తాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం, దాన్ని పెట్టిన మనిషి ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లిపోతే తర్వాత వచ్చినవాళ్లకి ఏమీ అర్థం కాదు. కొండ మీది ఆఫీసుల్లో మనుషులు ఎంత తొందరగా మారతారో తెలుసు కదా. అందుకే ఏం పెట్టామో, ఎలా పెట్టామో తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాసి అక్కడే ఉంచాలి.

మధ్యలో ఇంకొన్ని వచ్చి వెళ్లాయి. సన్ కంపెనీది ఎన్ఐఎస్. దాన్ని ముందు ఎల్లో పేజెస్ అనేవాళ్లు, ఆ పేరు బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ కావడంతో మార్చారు. పెట్టడం తేలిక, సెక్యూరిటీ బలహీనం. నావెల్ కంపెనీ 1993లో నెట్‌వేర్ 4తో తెచ్చిన ఎన్‌డీఎస్ కూడా ఒకప్పుడు చాలా పేరున్నదే. అవన్నీ ఇప్పుడు మీకు తగలడం అరుదు.

మూడోది మీకు కచ్చితంగా తగిలేది. మైక్రోసాఫ్ట్ వాళ్ల యాక్టివ్ డైరెక్టరీ. 2000లో విండోస్ 2000తో వచ్చింది. బ్యాంకులు, హాస్పిటళ్లు, పెద్ద కంపెనీలు చాలావరకు దీని మీదే నడుస్తాయి. రేపు మీరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగంలో చేరితే మొదటి రోజు మీకిచ్చే లాగిన్ బహుశా ఇదే.

లాభాలు చూడండి. ఒకసారి లాగిన్ అయితే ప్రింటర్, ఫైల్స్, మెయిల్ అన్నిటికీ అదే సరిపోతుంది. ఈ సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ పనిచెయ్యకూడదు, ఆ సిస్టమ్‌లో గేమ్స్ ఎక్కించకూడదు, ఇలాంటి రూల్స్ ఒక్కచోట రాస్తే 1,000 మిషన్లకి వెళ్తాయి. రెండు మూడు సర్వర్లు పెడితే ఒకదాన్ని చూసి ఒకటి కాపీ చేసుకుంటాయి. ఈ సర్వర్లని డొమైన్ కంట్రోలర్ అంటారు.

నష్టాలు. లైసెన్స్ ఖర్చు. విండోస్‌తో ఉన్నంత చనువు మిగతావాటితో ఉండదు. ఇంకోటి, మన దగ్గర తరచు తగిలేది, గడియారం. యాక్టివ్ డైరెక్టరీ లాగిన్‌కి కెర్బెరాస్ అనే పద్ధతి వాడుతుంది. సర్వర్ టైమ్‌కి, మీ సిస్టమ్ టైమ్‌కి మామూలుగా 5 నిమిషాలకి మించి తేడా ఉండకూడదు. పాత కంప్యూటర్‌లో లోపల ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయి, కరెంట్ కూడా పోయి వచ్చిందనుకోండి, తేదీ ఎప్పటిదో పాతదానికి వెళ్లిపోతుంది. పాస్‌వర్డ్ కరెక్టే, కానీ లాగిన్ కాదు. ఒక ల్యాబ్‌లో ఇదే తిప్పలు. పిల్లలు ఒక్కొక్కరూ నాలుగైదుసార్లు పాస్‌వర్డ్ కొట్టి అకౌంట్లు లాక్ చేసుకున్నారు. బిళ్ల బ్యాటరీలు మార్చి టైమ్ సరిచేస్తే సమస్య తీరిపోయింది. లాగిన్ కాకపోతే ముందు కింద మూలన ఉన్న టైమ్ చూడండి.

ఇంకో భయం, దొంగలు. డొమైన్ కంట్రోలర్ దొరికిందంటే వాళ్లకి అన్ని తాళాలూ దొరికినట్టే. దీనికి ఒక నిజం కథ ఉంది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ ఉక్రెయిన్‌లో మొదలై ప్రపంచం మీద పడింది. మెర్స్క్ అని డెన్మార్క్ కంపెనీ, ఓడల మీద కంటైనర్లు మోసేవాటిలో ప్రపంచంలోనే పెద్దదాంట్లో ఒకటి. వాళ్లకి 150 దాకా డొమైన్ కంట్రోలర్లు ఉండేవి. ఒకటి పోతే ఇంకొకటి ఉందిలే అన్న ధైర్యం. కానీ అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. పోయాయి. డైరెక్టరీ బ్యాకప్ విడిగా ఎక్కడా లేదు.

వెతగ్గా వెతగ్గా ఆఫ్రికాలో ఘనా ఆఫీసులో ఒక్క సర్వర్ బాగుంది. ఎందుకు బాగుందో తెలుసా? వైరస్ వచ్చేముందు అక్కడ కరెంట్ పోయింది. సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు, అందుకే బతికిపోయింది. ఆ కాపీని నెట్ మీద ఇంగ్లండ్ పంపిద్దామంటే అక్కడి లైన్ స్పీడ్‌కి రోజులు పట్టేలా ఉంది. మనిషిని పంపిద్దామంటే ఘనా ఉద్యోగుల్లో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. చివరికి ఒకాయన హార్డ్ డిస్క్ పట్టుకుని నైజీరియా వెళ్లి ఎయిర్‌పోర్ట్‌లో ఇంకొకాయనకి ఇస్తే, ఆయన దాన్ని లండన్ తీసుకెళ్లాడు. తర్వాత 10 రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ కట్టుకున్నామని కంపెనీ ఛైర్మనే చెప్పాడు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్ల దాకా.

మనం కరెంట్ పోతే తిట్టుకుంటాం. ఒక పెద్ద కంపెనీని కరెంట్ కోతే కాపాడింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఏంటంటే, ఒకదాన్ని చూసి ఒకటి కాపీ చేసుకునే సర్వర్లు ఎన్ని ఉన్నా అది బ్యాకప్ కాదు. ఒకచోట తప్పు పడితే ఆ తప్పు కూడా కాపీ అవుతుంది. నెట్‌వర్క్ తీగ తీసేసి పక్కన పెట్టిన కాపీ ఒకటి కావాలి. ఒక హార్డ్ డిస్క్, ఒక బీరువా. అంతకన్నా ఖర్చు లేదు.

మరి సర్వర్ విశాఖలో ఉండి, ఘాట్ రోడ్డు మీద వర్షాలకి లైన్ తెగితే అరకులో లాగిన్ ఎలా? దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, విండోస్ మామూలుగా ఆ సిస్టమ్‌లో చివరగా లాగిన్ అయిన 10 మందిని గుర్తుపెట్టుకుంటుంది. వాళ్లు లైన్ లేకపోయినా లోపలికి వెళ్లొచ్చు. పదకొండో మనిషి మాత్రం ఆగాల్సిందే. రెండోది, 2008 విండోస్ సర్వర్‌తో చదవడానికి మాత్రమే పనికొచ్చే డొమైన్ కంట్రోలర్ వచ్చింది. దూరంగా ఉండే చిన్న ఆఫీసుల కోసమే దాన్ని చేశారు. లిస్టు కాపీ ఇక్కడ ఉంటుంది, అక్కడి మనుషుల పాస్‌వర్డ్‌లు మాత్రమే ఉంచుకునేలా పెట్టొచ్చు. ఎవరైనా ఆ పెట్టె ఎత్తుకుపోయినా అందరి తాళాలూ పోవు. డబ్బుల్లేవు అంటే సాంబా అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. 2012లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అది కూడా యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌లా పనిచెయ్యగలదు.

నాలుగోది క్లౌడ్ డైరెక్టరీ. మైక్రోసాఫ్ట్‌ది ఒకప్పుడు అజూర్ ఏడీ, 2023లో పేరు మార్చి ఎంట్రా ఐడీ అన్నారు. గూగుల్ వాళ్లది వర్క్‌స్పేస్‌తో వస్తుంది. మీ కాలేజీ పేరుతో మీకు మెయిల్ ఐడీ ఇచ్చారంటే మీరు ఇందులో ఉన్నట్టే. లాభం, సర్వర్ కొనక్కర్లేదు, కరెంట్, ఏసీ, బ్యాటరీ బాధ లేదు. ఫోన్ నుంచే అన్నీ. నష్టం, నెట్ లేకపోతే కొత్తగా లాగిన్ లేదు.

ఇంకో నష్టం మీకు సూటిగా తగులుతుంది, జాగ్రత్తగా వినండి. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ మీది కాదు. కాలేజీది. లిస్టులో మీ పేరు తీసెయ్యాలా వద్దా అన్నది అడ్మిన్ ఇష్టం. కోర్స్ అయిపోయాక తీసేస్తే ఆ మెయిల్, అందులో దాచుకున్న నోట్స్, ఫోటోలు, ప్రాజెక్ట్, ఆ ఐడీతో "సైన్ ఇన్" అయిన యాప్స్, అన్నిటికీ తలుపు మూసుకుంటుంది. ఉద్యోగాల అప్లికేషన్లకి, స్కాలర్‌షిప్‌కి, బ్యాంక్‌కి ఆ ఐడీ ఇచ్చి ఉంటే కాల్ లెటర్ వచ్చినా మీకు తెలియదు. కాబట్టి అలాంటివాటికి మీ సొంత మెయిల్ ఇవ్వండి. కాలేజీ అకౌంట్‌లో ఉన్నవి ఫైనల్ ఇయర్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక చివరిది. టెక్నికల్‌గా దీన్ని డైరెక్టరీ సర్వీస్ అని పిలవరు గానీ, దగ్గరి చుట్టమే. ఆధార్. 2010 సెప్టెంబర్ 29న మొదటి ఆధార్ నంబర్ ఇచ్చింది కూడా ఒక ఆదివాసీ ఊళ్లోనే, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీలో. రేషన్ డిపోలో వేలు పెడితే ఏం జరుగుతుంది? ఆ మిషన్ దూరంగా ఉన్న లిస్టుని "ఈ వేలు ఈ నంబర్‌దేనా?" అని అడుగుతుంది. అక్కడి నుంచి అవును, కాదు అని జవాబు వస్తుంది. లాభం, ఒకరి బియ్యం ఇంకొకరు తీసుకోవడం కష్టమవుతుంది. కానీ సిగ్నల్ లేకపోతే? లిస్టులో పేరుంది, వేలుంది, మనిషి ఎదురుగా నిలబడ్డాడు, మధ్యలో దారి లేదు. సిగ్నల్ కోసం మిషన్ పట్టుకుని గుట్ట ఎక్కిన డిపోల గురించి మన ఏజెన్సీలో అందరూ విన్నారు. పొలం పనులతో వేలి గీతలు అరిగిపోయిన ముసలివాళ్లకి ఇంకో కష్టం. 2023 జూన్‌లో ఒకే రోజు 100 టవర్లు ప్రారంభిస్తే అందులో 85 మన జిల్లాలోనే. అంటే అప్పటిదాకా దారి ఎంత తక్కువ ఉండేదో చూడండి.

ఇందులోనే ఒక మంచి ఆలోచన కూడా ఉంది. ఆధార్ కాగితం మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, అందులో మీ వివరాలకి డిజిటల్ సంతకం ఉంటుంది. దాన్ని చెక్ చెయ్యడానికి ప్రతిసారీ పైనున్న లిస్టుని అడగక్కర్లేదు. సంతకం సరైనదో కాదో స్కాన్ చేసే యాప్ అక్కడికక్కడే తేల్చేస్తుంది. అంటే లిస్టులోని మీ ముక్కని, సీల్ వేసి, మీ జేబులోనే పెట్టారన్నమాట. కొండ ప్రాంతానికి సరిపోయే పద్ధతి ఇదే. లిస్టు ఒకచోట ఉండనివ్వండి, దాని నమ్మకమైన కాపీ మనిషికి దగ్గరగా ఉండాలి.

ఇంతకీ ఏది మంచిది? ఊళ్లో చిన్న స్కూల్, 5, 6 కంప్యూటర్లు అంటే డైరెక్టరీయే వద్దు, దాన్ని చూసుకోవడం ఇంకో పని. 30 కంప్యూటర్లు, వందల మంది పిల్లలు అంటే కావాలి. డబ్బు, విండోస్ ఉంటే యాక్టివ్ డైరెక్టరీ. పాత సిస్టమ్స్, నేర్చుకునే ఓపిక ఉంటే సాంబా, ఓపెన్‌ఎల్‌డ్యాప్. నెట్ నమ్మకంగా ఉంటేనే పూర్తిగా క్లౌడ్. ఏది పెట్టినా రెండు సర్వర్లు, ఒక యూపీఎస్, సరైన గడియారం, తీగ తీసి దాచిన ఒక బ్యాకప్. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి బుర్రలో కాకుండా సీల్ చేసిన కవర్‌లో ప్రిన్సిపాల్ బీరువాలో ఉండాలి.

సర్వర్లతో సంబంధం లేనివాళ్లు కూడా ఈ వారంలో మూడు పనులు చెయ్యండి. మీ ముఖ్యమైన అకౌంట్లు ఏ మెయిల్ ఐడీ మీద ఉన్నాయో చూసుకోండి. టెన్త్ మెమో, ఆధార్, బ్యాంక్ పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి మీ పేరు స్పెల్లింగ్ పోల్చండి, తేడా ఉంటే అవసరం రాకముందే సరిచేయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల కాగితాలు కూడా మీరే చూడండి, చదువుకున్నది మీరే కదా. మూడోది, ఫోన్ పోతే పనికొచ్చేలా ఒక 5 నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఇకమీదట ఎక్కడైనా మీ పేరు రాసుకుంటున్నారంటే రెండు ప్రశ్నలు అడగండి. ఈ లిస్టు ఎక్కడ ఉంటుంది? ఇందులో నా పేరు కొట్టెయ్యగలిగేది ఎవరు? జవాబు తెలిస్తే, అవసరమైన రోజున ఎవరిని అడగాలో మీకు తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే పాస్‌కీల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను. నమస్కారం.